నేటాల్‌లో భూమి ఇస్తామన్న సర్కారు నోటీసు నిజమేనా? ఎవరికి దక్కింది?

మీరు అడిగింది ఇది: చీపురుపల్లి దగ్గరి మీ ఊరి నుంచి మీ ముత్తాతగారి తమ్ముడు ఓడెక్కి నేటాల్ వెళ్లారు. పదేళ్లు ఉంటే సర్కారే భూమి ఇస్తుందని తెలుగులో అచ్చేసిన కాగితం చూపించి, కూలీలను పోగుచేసే మేస్త్రీ తీసుకెళ్లాడని మీ ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన మళ్లీ రాలేదు. ఆ కాగితం నిజంగా సర్కారుదేనా, లేక మేస్త్రీ అరచేతిలో వైకుంఠం చూపించాడా? అలాంటి నోటీసు ఊళ్లో ఎలా తిరిగేది? ఆయన వివరాలు ఇప్పుడు ఎక్కడ వెతకాలి?

ముందు సూటిగా జవాబు చెబుతాను. భూమి మాట అబద్ధం కాదు. 1870లో నేటాల్ ప్రభుత్వం చేసిన చట్టంలోనే అది ఉంది. 1891లో తీసేశారు. ఉన్న ఆ ఇరవై ఏళ్లలో కూడా భూమి చేతికి అందినవాళ్లు చాలా కొద్దిమంది. అందుకే మీ పెద్దాయన ఏ సంవత్సరంలో వెళ్లారో తెలియకుండా ఆయనకు ఏం ఆశ చూపించారో చెప్పడం కష్టం. కూలీల వలసకు సంబంధించిన పాత కాగితాలు చాలాకాలంగా చదువుతున్నాను కాబట్టి, ఇలా అడిగే ప్రతి కుటుంబానికీ మొదట చెప్పేది ఒకటే. సర్కారు నోటీసును విడిగా చదవకండి. దాని మీద తేదీ చూడండి, ఆ తేదీన అమల్లో ఉన్న చట్టం చూడండి, ఆ సదుపాయం ఖర్చు ఎవరు భరించారో కూడా చూడండి. నేటాల్ విషయంలో ఈ మూడూ పక్కపక్కన పెడితే, కూలీని రప్పించడానికి ఇచ్చిన మాట, ఆ కూలీ స్వతంత్రుడయ్యేసరికి ఎలా మారుతూ వచ్చిందో స్పష్టంగా కనిపిస్తుంది.

నేటాల్ అంటే ఇప్పటి దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న తూర్పు తీరం. బ్రిటిష్‌వాళ్లు 1843లో దాన్ని స్వాధీనం చేసుకుని, 1856లో పక్కనున్న కేప్ కాలనీ నుంచి విడదీసి వేరే కాలనీ చేశారు. 1850లలో తీరం వెంబడి చెరకు వేశారు. పంట బాగానే వచ్చింది కానీ కొట్టడానికి మనుషులు దొరకలేదు. అక్కడి స్థానికులైన జూలూలకు సొంత చేలు, పశువులు ఉన్నాయి. ఏడాది పొడవునా తెల్లవాడి తోటలో పడి ఉండాల్సిన గతి వాళ్లకు లేదు. మారిషస్‌లో అప్పటికే మనవాళ్ల చేతుల మీదుగా చెరకు తోటలు నడుస్తున్నాయి కాబట్టి నేటాల్ తోటల యజమానులు కూడా అదే దారి పట్టారు. 1859లో కాలనీ చట్టం చేసింది, 1860లో భారత ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరులో మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 342 మందితో నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. 1911లో ఈ వలస ఆగిపోయే నాటికి 1,52,000 మందికి పైగా వెళ్లారు. వాళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు నుంచి ఓడెక్కినవాళ్లే. వీళ్లలో తమిళులు ఎక్కువ. విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాట్ జిల్లాల తెలుగువాళ్లు కూడా వేలల్లో ఉన్నారు.

సర్కారు ప్రోత్సాహం అనగానే కూలీకి చూపించిన ఆశలే గుర్తొస్తాయి. కానీ అసలైన ప్రోత్సాహం అందింది తోటల యజమానులకు. మద్రాసులో ఏజెంటు ఆఫీసు, ఓడెక్కేదాకా కూలీలను ఉంచే డిపో, డాక్టరు, ఓడ కిరాయి, ఇదంతా పెద్ద ఖర్చు. యజమానులు తమ వాటా వాయిదాల్లో కట్టేవాళ్లు. మిగతా భారం మోయడానికి కాలనీ ఖజానా నుంచి ఏటా 10,000 పౌండ్ల సాయం అందేది. 1874లో పెట్టిన ఇండియన్ ఇమ్మిగ్రేషన్ ట్రస్ట్ బోర్డు ఈ లెక్కలన్నీ చూసేది. ఆ ఖజానాలోకి డబ్బు వచ్చిన దారుల్లో జూలూల దగ్గర గుడిసెకు ఇంతని వసూలు చేసిన పన్ను కూడా ఒకటి. అంటే తోటలో పనికి రానన్నవాడి పన్ను డబ్బు కూడా, వాడి బదులు పనిచేసేవాణ్ణి సముద్రం దాటించడానికి పోయింది. ఈ సంగతి నోటీసుల్లో కనిపించదు, బడ్జెట్ కాగితాల్లో కనిపిస్తుంది.

ఇక మన ఊళ్లలో చూపించిన షరతుల కాగితం సంగతి. 1883 నాటి వలస చట్టం ప్రకారం కూలీలను పోగుచేసే రిక్రూటరుకు లైసెన్సు ఉండాలి. వెళ్లబోయే మనిషికి పని షరతులు రాసిన కాగితం ఇంగ్లీషులోనూ, ఆ ప్రాంతపు భాషలోనూ ఇవ్వాలి. కాబట్టి తెలుగులో అచ్చయిన కాగితం ఉందన్న మీ ఇంటి మాటను అనుమానించాల్సిన పనిలేదు. అందులో ఉండేవి దాదాపుగా ఇవి: ఐదేళ్ల ఒప్పందం, మగవాళ్లకు మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, తర్వాత ఏటా ఒక్కో షిల్లింగు పెంపు, ఆడవాళ్లకు అందులో సగం, బియ్యం, పప్పు, ఉప్పు, నూనె, ఎండుచేప వంటి సరుకులు, ఉండటానికి చోటు, జబ్బు చేస్తే వైద్యం, ఆదివారం సెలవు. ఒప్పందం తీరాక ఇంకో ఐదేళ్లు కాలనీలోనే గడిపితే, అంటే మొత్తం పదేళ్లకు, ఇండియాకు ఉచితంగా ఓడ ప్రయాణం.

ఈ జీతాన్ని ఒకసారి లెక్క వేద్దాం. ఒక్క రోజు కూడా కోత పడకుండా ఐదేళ్లు పనిచేస్తే మొత్తం 720 షిల్లింగులు, అంటే 36 పౌండ్లు. 1890ల చివర్లో ఉన్న మారకం ప్రకారం పౌండుకు 15 రూపాయల చొప్పున 540 రూపాయలు. కరువులో కడుపు చేత పట్టుకుని తిరిగే మనిషికి అది చిన్న మొత్తం కాదు. తిండి, గుడిసె అదనం. ఆ రోజుల్లో విశాఖ జిల్లాలో పాలేరుతనం చేసేవాడికి ఈ కాగితం చదివి వినిపిస్తే ఆశ పుట్టడం సహజం. వెళ్లినవాళ్లందరినీ అమాయకులుగా, మోసపోయినవాళ్లుగా చూడటం నాకు నచ్చదు. 1866లో గంజాం కరువు, 1876-78లో ధాత కరువు, 1896-97లో మళ్లీ కరువు వచ్చాయి. చావు ఒకవైపు, ఓడ ఒకవైపు ఉన్నప్పుడు చాలామంది తెలిసే ఓడెక్కారు.

అయితే ఆ కాగితంలో చెప్పనివి చాలా ఉన్నాయి. చెప్పకుండా పనికి రాకపోతే ఆ రోజు జీతం పోవడమే కాకుండా పైన జరిమానా కూడా పడేది. తోట దాటి బయటికి వెళ్లాలంటే యజమాని ఇచ్చిన చీటీ ఉండాలి. యజమాని మీద ఫిర్యాదు చేయడానికి, కూలీల బాగోగులు చూసే ప్రొటెక్టర్ అనే అధికారి ఆఫీసుకు పోవాలన్నా అదే చీటీ అడ్డం. కూలి ఒప్పందం తప్పితే అది మామూలు సివిల్ తగాదాగా ఉండేది కాదు, జైలుకు పంపే నేరమయ్యేది. రోజూ బియ్యమే అని నమ్మి వెళ్లినవాళ్లకు తరచుగా మొక్కజొన్న పిండి పెట్టేవాళ్లు. ఇవేవీ చట్టానికి విరుద్ధంగా జరిగినవి కావు, చాలావరకు చట్టంలోనే ఉన్నాయి. కానీ చీపురుపల్లి సంతలో ఆ చట్టాన్ని చదివి వినిపించినవాళ్లు ఎవరూ లేరు. మేస్త్రీ చెప్పింది సగం, చట్టం దాచుకుంది మిగతా సగం. తప్పంతా మేస్త్రీ నెత్తిన వేస్తే ఆ రెండో సగం మరుగున పడిపోతుంది.

భూమి ఆశ ఎందుకు వచ్చిందో తెలియాలంటే 1866 దగ్గరికి వెళ్లాలి. ఆ ఏడాది నేటాల్‌లో వ్యాపారాలు దెబ్బతిని కూలీల రాక ఆగిపోయింది. మొదటి ఓడల్లో వెళ్లినవాళ్లకు పదేళ్లు నిండాక, 1871లో కొంతమంది మద్రాసుకు తిరిగొచ్చారు. జీతాలు సరిగా ఇవ్వలేదని, కొరడా దెబ్బలు తిన్నామని, వెళ్లేముందు ఇస్తామన్న బహుమానం చేతికి రాలేదని ఇక్కడి అధికారుల ముందు చెప్పుకున్నారు. భారత ప్రభుత్వం దాన్ని పట్టించుకుంది. సంగతి తేల్చేదాకా కొత్త కూలీలను పంపేది లేదని పట్టుబట్టింది. నేటాల్‌వాళ్లు 1872లో కూలీ కమిషన్ వేసి, ఫిర్యాదుల్లో నిజం ఉందని ఒప్పుకోక తప్పలేదు. కొరడా దెబ్బలు ఆపాలని, కూలీల బాగోగులు చూసే ప్రొటెక్టర్ ఉండాలని తీర్మానించారు. 1874లో వలస మళ్లీ మొదలైంది.

తిరిగొచ్చిన ఆ కొద్దిమంది సాక్ష్యానికి ఎంత బలం ఉందో చూడండి. సంతకం కూడా పెట్టలేని మనుషులు మద్రాసులో నోరు విప్పితే ఒక కాలనీ చక్కెర వ్యాపారం మూడేళ్లు ఇబ్బంది పడింది. పైగా వాళ్ల మాట ఊళ్లలో కూడా పాకి ఉంటుంది. అలాంటి చోట మళ్లీ మనుషులను పోగుచేయాలంటే కొత్త నోటీసుల్లో పదేళ్ల తర్వాత బతుకు బాగుంటుందని చెప్పాలి. అప్పటికే 1870 చట్టంలో ఉన్న భూమి క్లాజు ఇలాంటి సమయంలో పనికొచ్చింది.

ఆ క్లాజును దగ్గరగా చదవండి. పదేళ్లు పూర్తయిన కూలీకి ఉచితంగా తిరిగి వెళ్లే హక్కు వస్తుంది. ఆ హక్కును వదులుకుంటే, ఆ ప్రయాణానికి ఎంత ఖర్చవుతుందో అంత విలువ చేసే సర్కారు భూమి తీసుకోవచ్చు. అంటే ఇది బహుమానం కాదు, మారుబేరం. సర్కారు ఎలాగూ ఓడ కిరాయి పెట్టాలి, దాని బదులు చేతిలో ఉన్న బీడు భూమి ఇస్తుంది. కూలీ ఇంటికి పోయే దారి వదులుకుంటాడు. అందులో ఎకరాల లెక్క లేదు. విలువ కట్టేది సర్కారే, ఎక్కడ ఇవ్వాలో తేల్చేది కూడా సర్కారే. మన ఊళ్లో ఈ మాట చేరేసరికి 'పదేళ్లుంటే భూమి' అని మాత్రమే మిగిలింది. నోటిమాటగా పోయేటప్పుడు ముందు రాలిపోయేవి షరతులే కదా.

అమలులో ఇంకా పలచబడిపోయింది. తోటల యజమానులకు ఈ క్లాజు మొదటి నుంచీ ఇష్టం లేదు. వాళ్లకు కావలసింది మళ్లీ ఒప్పందం రాసి తోటలోనే ఉండే మనిషి. సొంత చెక్క దున్నుకునే రైతు వాళ్లకెందుకు? చివరికి ఈ క్లాజు కింద పట్టాలు అందుకున్నవాళ్లు చాలా తక్కువ. వేలల్లో వెళ్లినవాళ్లలో వాళ్ల వంతు లెక్కలోకి రాదు. 1891లో కూలీ చట్టాలన్నిటినీ కలిపి కొత్త చట్టం చేసినప్పుడు భూమి క్లాజును పక్కన పెట్టేశారు.

కానీ మనవాళ్లు భూమి మీద ఆశ వదులుకోలేదు. సర్కారు ఇవ్వకపోతే కౌలుకు తీసుకున్నారు, కూడబెట్టి కొన్నారు. డర్బన్ చుట్టూ కూరగాయలు, మొక్కజొన్న, పొగాకు పండించి ఇంటింటికీ తిరిగి అమ్మారు. మద్రాసు తీరం నుంచి వెళ్లిన చేపలవాళ్లు డర్బన్ రేవులో వలలు వేశారు. నేటాల్‌లోని భారతీయుల సంగతి విచారించడానికి 1885-87 మధ్య పనిచేసిన రాగ్ కమిషన్ ముందు చాలామంది తెల్లవాళ్లే ఒప్పుకున్నారు, ఊరికి కూరగాయలు చవకగా దొరుకుతున్నాయంటే ఒప్పందం తీరి స్వతంత్రంగా బతుకుతున్న ఈ భారతీయుల వల్లేనని. మీ పెద్దాయన భూమి సంపాదించి ఉంటే అది సర్కారు పట్టా కంటే ఇలా కౌలు చేసి, కొనుక్కున్న భూమి కావడానికే ఎక్కువ అవకాశం ఉంది. ఈ మాట మీ ఇంట్లోవాళ్లకు చెప్పండి. సర్కారు మాట తప్పినా ఆయన కష్టం మాత్రం ఊరికే పోయి ఉండకపోవచ్చు.

ఆ చవక కూరగాయలే, ఆ చిన్న దుకాణాలే తెల్లవాళ్లకు కంటగింపు అయ్యాయి. 1890ల నడుమకు నేటాల్‌లో భారతీయుల సంఖ్య తెల్లవాళ్ల సంఖ్యకు దాదాపు సమానమైంది. 1893లో కాలనీకి స్వపరిపాలన రావడంతో పగ్గాలు స్థానిక తెల్లవాళ్ల చేతికి వచ్చాయి. 1894లో ఆ 10,000 పౌండ్ల సాయాన్ని ఆపేశారు. కూలీలు మాత్రం కావాలి. కాకపోతే ఒప్పందం తీరగానే వెనక్కి పోవాలి, లేదా మళ్లీ ఒప్పందం రాయాలి. ఈ ఏర్పాటుకు ఒప్పించడానికి బిన్స్, మేసన్ అనే ఇద్దరిని ఇండియాకు పంపారు. ఉండిపోయే ప్రతి మనిషి మీదా ఏటా 25 పౌండ్ల పన్ను వేయాలని మొదటి ఆలోచన. వైస్రాయ్ ఎల్గిన్ ప్రభుత్వం అంతకు ఒప్పుకోలేదు కానీ, 3 పౌండ్లకు తల ఊపింది. కొత్తగా పుట్టిన నేటాల్ ఇండియన్ కాంగ్రెస్, దాని కార్యదర్శి గాంధీ ఎన్ని అర్జీలు పెట్టినా ఆగలేదు. 1895లో 17వ నంబరు చట్టం వచ్చింది.

ఆ 3 పౌండ్లు ఏపాటివో చూడండి. 60 షిల్లింగులు. ఐదో ఏడాది కూలీ జీతం నెలకు 14 షిల్లింగులు కాబట్టి, నాలుగు నెలల జీతం మొత్తం పెట్టినా సరిపోదు. 1903లో ఈ పన్నును పిల్లలకు కూడా తగిలించారు: 16 ఏళ్లు దాటిన మగపిల్లలు, 13 ఏళ్లు దాటిన ఆడపిల్లలు. మొగుడూ పెళ్లాం, ఈడొచ్చిన కొడుకు, కూతురు ఉన్న ఇంటికి ఏడాదికి 12 పౌండ్లు, అంటే 240 షిల్లింగులు. ఆ ఇంటి మగవాడు ఐదో ఏట ఏడాదంతా పనిచేసి తెచ్చిన జీతమేమో 168 షిల్లింగులు. పన్ను కట్టే దారి లేదని చట్టం రాసినవాళ్లకు తెలియకపోలేదు. ఖజానా నింపుకోవడం వాళ్ల ఉద్దేశం కాదు. మళ్లీ ఒప్పందం రాస్తే పన్ను లేదు, ఓడెక్కి వెనక్కి పోయినా పన్ను లేదు. మనిషిని ఆ రెండు దారుల్లోకి నెట్టడమే దాని పని. కట్టకపోవడాన్ని నేరంగా చూడకూడదని భారత ప్రభుత్వం షరతు పెట్టినా, బాకీ వసూలు పేరుతో కోర్టులు జైలుకు పంపిన సందర్భాలు ఉన్నాయి.

1870 చట్టం 'ఇక్కడే ఉండిపో, భూమి ఇస్తాం' అంది. పాతికేళ్లకు వచ్చిన చట్టం 'ఉండిపోతే జరిమానా కట్టు' అంది. రెండు చట్టాలూ చేసింది ఒకే కాలనీ, రెండింటి కాలంలోనూ మద్రాసు నుంచి మనుషులను తెచ్చుకుంటూనే ఉంది. ఈ పన్ను మీద ఏళ్ల తరబడి పోరాటం సాగింది. 1913లో న్యూకాజిల్ బొగ్గు గనుల్లో మొదలైన సమ్మె చెరకు తోటలకు పాకి, వేలమంది తెలుగు, తమిళ కూలీలు పని మానేశాక 1914లో పన్ను రద్దయింది. గాంధీగారి జీవితంలో దీన్ని ఒక అధ్యాయంగా చదువుతాం. మన జిల్లాల నుంచి వెళ్లిన పేరు తెలియని మనుషులు పస్తులుండి, దెబ్బలు తిని గెలిచిన సమ్మె అది.

ఇప్పుడు మీ పెద్దాయన సంగతికి వద్దాం. ఆయన 1860-66 మధ్య వెళ్లి ఉంటే భూమి నోటీసు చూసే వెళ్లారనడానికి ఆధారం తక్కువ, ఎందుకంటే నేను చెబుతున్న చట్టం అప్పటికి లేదు. 1874 నుంచి 1891 దాకా అయితే మీ ఇంటి కథ చక్కగా సరిపోతుంది. అక్కడ కూడా ఒక మెలిక ఉంది. 1882లో వెళ్లిన మనిషికి పదేళ్లు నిండేది 1892లో. అప్పటికి చట్టంలో ఆ క్లాజే లేదు. ఆశ పెట్టుకుని వెళ్లి, తీరా సమయం వచ్చేసరికి మారిన రూలు ఎదురైనవాళ్లలో ఆయన కూడా ఒకరేమో చూడాలి. 1891 తర్వాత వెళ్లి ఉంటే మేస్త్రీ పాత మాట చెప్పి తీసుకెళ్లాడనుకోవచ్చు. 3 పౌండ్ల పన్ను మాత్రం 1895 చట్టం అమల్లోకి వచ్చాక ఒప్పందం చేసుకున్నవాళ్లకే వర్తించింది. వాళ్లకు ఐదేళ్లు నిండాక, 1901 నుంచి దాని దెబ్బ తగిలింది.

ఊళ్లో ఇలాంటి నోటీసు ఎలా తిరిగేదో కూడా అడిగారు కదా. ఏ ఏ కాలనీలకు వలస చట్టబద్ధమో సర్కారు గెజిట్‌లో ప్రకటించేవాళ్లు. మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్, దాని కింద జిల్లా గెజిట్లు ఉండేవి. జిల్లా గెజిట్లు తెలుగులో కూడా వచ్చేవి. ఇలాంటివి తాలూకా కచేరీ దాటి పల్లెకు చేరడం అరుదు. పల్లెకు చేరింది మేస్త్రీ. అతనికి తలకు ఇంతని కమిషన్. ప్రతి 100 మంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లు ఉండాలన్న నిబంధన వల్ల ఆడమనిషిని తెస్తే సాధారణంగా ఇంకాస్త ఎక్కువ గిట్టేది. అతను పోగుచేసిన మనిషిని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి, షరతులు తెలుసా, ఇష్టపడే వెళ్తున్నావా అని అడిగి రిజిస్టరులో రాయించాలి. తర్వాత మద్రాసు డిపో, అక్కడ మళ్లీ ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ముందు హాజరు. కాగితం మీద రెండు మూడు జల్లెడలు ఉన్నట్టే. కానీ ఇంటి నుంచి అంత దూరం వచ్చేసి, మేస్త్రీ పెట్టిన అన్నం తిన్నవాడు కచేరీలో దొర ముందు 'నేను పోను' అనడం ఎంత కష్టమో ఆలోచించండి.

వెతకడం ఓడల జాబితాలతో మొదలుపెట్టండి. నేటాల్ వెళ్లిన ప్రతి కూలీకి ఒక నంబరు ఇచ్చారు. అసలు రిజిస్టర్లు డర్బన్‌లో ఉన్నాయి. వాటి నుంచి తయారుచేసిన జాబితాలు డర్బన్‌లోని క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయం గాంధీ-లుథులి డాక్యుమెంటేషన్ సెంటర్ ద్వారా చూడవచ్చు. ఒక్కో మనిషికి ఒక వరుస: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, మగా ఆడా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. ఎడమ మోకాలి కింద మచ్చ, నుదుటి మీద గాటు, ఇలాంటివి రాసి ఉంటాయి. ఫోటో లేని రోజుల్లో పారిపోయినవాణ్ణి పట్టుకోవడానికి రాసుకున్న గుర్తులవి. ఇవాళ ఆయన రూపం గురించి మీకు దొరికే ఆధారం అదొక్కటే కావచ్చు.

ఇంటిపేరుతో వెతకకండి, చాలావరకు రాయలేదు. మనిషి పేరు, తండ్రి పేరు ఉంటాయి. అక్కడ పుట్టిన పిల్లలకు తండ్రి పేరో, కులం పేరో ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. అందుకే ఇవాళ డర్బన్‌లో అప్పల్‌సామి అనేది ఇంటిపేరు, నాయుడు అనేది ఇంటిపేరు. రాసిన గుమాస్తాకు తెలుగు రాదు, విన్నది విన్నట్టు ఇంగ్లీషులో రాశాడు. అప్పలస్వామి, అప్పన్న, సింహాచలం లాంటి పేర్లకు తోచిన స్పెల్లింగులన్నీ ప్రయత్నించండి. పేరుకంటే తండ్రి పేరు, ఊరు కలిపి చూస్తే త్వరగా తేలుతుంది.

జిల్లా పేర్ల దగ్గర చాలామంది తికమక పడతారు. మీ చీపురుపల్లి అప్పటి విశాఖపట్నం జిల్లా కింద వస్తుంది. విజయనగరం, బొబ్బిలి కూడా అంతే. శ్రీకాకుళం మాత్రం అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేది కాబట్టి గంజాం అని కనబడగానే ఒడియావాళ్లని పక్కన పెట్టకండి. ఉత్తర ఆర్కాట్ అని ఉంటే తమిళులే అనుకోవద్దు. చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు వైపువాళ్లు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆ జిల్లావాళ్లే.

నంబరు దొరికితే సగం పని అయినట్టే. దాంతో ఏ ఓడ, ఏ తేదీ, ఏ తోటకు పంపారు అనేవి తెలుస్తాయి. తర్వాత ప్రొటెక్టర్ ఆఫీసు ఫైళ్లు చూడాలి. ఫిర్యాదులు, పెళ్లి నమోదులు, తిరుగు ప్రయాణం అర్జీలు అందులో ఉంటాయి. డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్ రెండింటిలోనూ అడగండి. తిరుగు ప్రయాణం బదులు భూమి అడిగి ఉంటే దాని జాడ కూడా ఆ ఫైళ్లలోనే దొరకాలి. నేటాల్ గవర్నమెంట్ గెజిట్‌లో చట్టాలు, నోటిఫికేషన్లు తేదీలవారీగా ఉంటాయి కాబట్టి ఆయన వెళ్లిన ఏడాదికి అమల్లో ఉన్న షరతులు అందులో సరిచూసుకోండి. ఇటువైపు కాగితాల కోసం ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. మద్రాసు ప్రెసిడెన్సీ వలస శాఖ వ్యవహారాలు అక్కడున్నాయి.

ఒక చిన్న సంగతి. 'వెళ్లినాయన కాదు, ఆయన పిల్లలెవరో తర్వాత వచ్చారు' అని మీ ఇంట్లో ఎవరైనా అంటే దాన్ని కొట్టిపారేయకండి. 1914 చట్టం ప్రకారం అక్కడ నివాస హక్కు వదులుకున్నవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చారు. 1927 కేప్‌టౌన్ ఒప్పందంతో పెద్దవాళ్లకు 20 పౌండ్లు, పిల్లలకు 10 పౌండ్లు బోనస్ కూడా ఇచ్చి పంపారు. మనిషిని రప్పించడానికి డబ్బు పెట్టిన దేశమే పంపించడానికి కూడా డబ్బు పెట్టింది. 1929 నుంచి 1932 దాకా దక్షిణాఫ్రికాలో భారత ప్రభుత్వ ఏజెంటుగా ఉన్న కూర్మా వెంకటరెడ్డి నాయుడు తెలుగువారే. ఆ కాలంలో అలా తిరిగొచ్చినవాళ్లు మద్రాసులో దిగేవాళ్లు. అప్పటికి ఊరివాళ్లకు వాళ్లు కొత్తవాళ్లే, చాలామంది ఇక్కడ ఇమడలేకపోయారు.

మీ ముత్తాతగారి తండ్రి పేరు, అప్పటి ఊరి పేరు, కులం, వెళ్లేనాటికి ఆయన వయసు సుమారుగా ఎంతో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టుకోండి. ఆయన ఒక్కరే వెళ్లారా, భార్యతోనా, ఊరివాళ్లు ఇంకెవరైనా తోడు వెళ్లారా అన్నది కూడా అడగండి. ఒకే ఊరివాళ్లు జాబితాలో చాలాసార్లు వరుస నంబర్లతో ఉంటారు. జాబితాలో సరిపోయే వరుస కనిపిస్తే నంబరు, ఓడ పేరు ఇక్కడ పెట్టండి. ఆ తేదీకి ఏ చట్టం నడుస్తోందో, పదేళ్లు ఎప్పుడు నిండాయో, భూమి అడగడానికి ఆయనకు హక్కు మిగిలిందో లేదో చూసి చెబుతాను.